బావ గది ఖాళీ చేసిన శీతాకాలం

శనివారం ఉదయం ఆరుగంటల పది నిమిషాలు. ఉష్ణోగ్రత సున్నాకు నాలుగు డిగ్రీల దిగువన ఉంది. గాలి లేదు. రాత్రి పడిన సన్నటి వాన కిటికీ చువ్వల మీద గాజు తొడుగులా గడ్డకట్టింది. ఆ సమయంలో ఫోను మోగింది. మోగుతున్నది నా ఫోనేనని గ్రహించడానికి కాస్త వ్యవధి పట్టింది. అంతకుముందు పదిహేడేళ్ళూ ఇటువంటి వేళ ఇటువంటి పనికి మోగినది మా బావ ఫోను.

"మేడం, నీళ్ళ పంపులవాళ్ళు నన్ను తినేస్తున్నారు," అన్నాడు మా డైరెక్టరు. "తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిందట. వచ్చాక నాలుగు పంపింగ్ కేంద్రాలు లేవలేదు. సగం ఊరికి కుళాయిలో చుక్క లేదు. మీ బావగారి కొత్త నంబరు ఇవ్వండి."

"ఆయనకు ఫోను లేదండీ."

"ఫోను లేకపోవడమేమిటండీ, ఈ రోజుల్లో?"

"లేకుండా ఉండడానికే సముద్రం ఒడ్డుకు వెళ్ళారు."

అతను ఒక నిట్టూర్పు విడిచి, "సరే, మీరైనా రండి," అని పెట్టేశాడు.

ఈ సంగతి సరిగా అర్థం కావాలంటే మా కెర్నెల్ ఎలా ఉండేదో మొదట చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం కెర్నెల్. యంత్రానికి కరెంటు అందగానే ముందు అది లేస్తుంది, ఆ తర్వాత తక్కినవాటిని ఒక్కొక్కటిగా లేపుతుంది. పంపింగ్ కేంద్రాల్లో మోటార్లను నడిపే చిన్న కంప్యూటర్ల కోసం మా సంస్థ సొంతంగా ఒక కెర్నెల్ రాసుకుంది. రాయడం మొదలుపెట్టినప్పుడు ఉన్నది బావ ఒక్కరే. ఆయన తన ఫైళ్ళన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకుని దానికి తన పేరే పెట్టారు. తర్వాత పొట్టి మాస్టారు చేరారు. కాలేజీలో పాఠాలు చెప్పి విసిగి వచ్చిన మనిషి, ఆయనకో ఫోల్డరు. మూడోదాన్ని నేను. నాలుగో మనిషి అద్దాలాయన. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే మనిషి కనుక ఆ పేరు వచ్చింది. ఫోల్డర్లను మేము గదులనేవాళ్ళం. ఏ పని కోడ్ ఎక్కడుందని ఎవరూ అడిగేవారు కాదు. ఎవరు రాశారని అడిగేవారు, ఆ గదికి వెళ్ళేవారు.

ఈ పద్ధతికి ఒక ఫలితం ఉంది. ఏది చెడినా అది ఎవరి గదిలో ఉందో వారికే ఫోను వెళ్ళేది. మొదట చేరినవారు కనుక ముఖ్యమైనవన్నీ బావ గదిలోనే ఉన్నాయి: కాలాన్ని కొలిచే గడియారం, యంత్రపు జ్ఞాపకాన్ని, అంటే మెమరీని, పంచే భాగం, కరెంటు పోయి వచ్చినప్పుడు నిలదొక్కుకునే భాగం. పొట్టి మాస్టారు పోయాక ఆయన గది తాళం కూడా బావ నెత్తినే పడింది. దానితో ఆయన ఫోను రెట్టింపు మోగసాగింది.

ఆయన భార్య మా అక్క. "నాకో సవతి ఉందే," అనేది నాతో. "తలగడ పక్కనే పడుకుంటుంది. దానికి చార్జింగు పెట్టేది కూడా నేనే." చిన్నాన్న కూతురి పెళ్ళిలో అక్షింతలు చేతిలో ఉండగా ఫోను వచ్చింది. బావ ఆ గుప్పిటతోనే మండపం వెనక్కి వెళ్ళి, భోజనాలయ్యాక తిరిగి వచ్చారు. గుప్పిట ఇంకా మూసే ఉంది. అక్క ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది. ఆమె నవ్వకపోవడం నేను చూశాను.

ఆ తర్వాతి ఏడాది బావకు రక్తపోటు బాగా పెరిగింది. డాక్టరు దగ్గర కూర్చున్న కాసేపట్లో ఫోను మూడుసార్లు మోగింది. మూడోసారికి డాక్టరు కలం మూత పెట్టేసి, "ఇది ఇలా మోగుతుంటే నేను మాత్రలు రాయడం కాగితం దండగండీ. మీకు కావలసింది నిద్ర. ఈసారి పడిపోతే లేవరు," అన్నాడు. దాచి చెప్పే మనిషి కాదు.

అక్క ఉద్యోగం మానేయమంది. బావ ఆలోచించి చెప్పిన జవాబు నాకు మాటమాటకూ గుర్తుంది. "మానేసినా పిలుస్తారు. నా పేరుతో గది ఉన్నంతకాలం పిలుస్తూనే ఉంటారు. ముందు ఆ గది లేకుండా పోవాలి."

కెర్నెల్ సోర్స్ కోడ్ మొత్తాన్ని తిరిగి అమర్చాలన్న ప్రతిపాదన ఆ మాటలోంచి పుట్టింది. మనుషుల పేర్ల గదులు తీసేసి పనుల పేర్ల గదులు పెట్టాలి. గడియారానికొకటి, జ్ఞాపకానికొకటి, మోటార్లకొకటి, కొలతలకొకటి. కొత్తగా చేరినవారు దారి తప్పుతున్నారని అప్పటికే గొణుగుతున్న డైరెక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. అతనికి కావలసింది శుభ్రత. అక్కకు కావలసింది మొగుడు. రెండూ ఒకే పనిలో దొరికాయి.

ఆ పని ఎంత విసుగైనదో చేసినవారికే తెలుస్తుంది. ప్రతి ఫైలూ పది ఫైళ్ళను చిరునామాతో పిలుస్తుంది. ఒకదాన్ని కదిపితే పది చోట్ల చిరునామా మార్చాలి, ఆ పదింటిని కదిపినప్పుడు మళ్ళీ మార్చాలి. ఇల్లు మారేటప్పుడు గిన్నెలు మోయడం కష్టం కాదు. ఏ మూత ఏ గిన్నెదో అన్నదే ప్రాణం తీస్తుంది. వసంతంలో మొదలుపెట్టి ఆకులు రాలేదాకా చేశాము. ఇంటికి వెళ్ళి కళ్ళు మూసుకుంటే ఫైళ్ళ పేర్లు కిందనుంచి పైకి పాకుతూ కనిపించేవి.

బావ మాకు ఒకే నియమం పెట్టారు. చిరునామా పంక్తులు తప్ప మరో అక్షరం ముట్టుకోకూడదు. తరలించడం, దిద్దడం ఒకేసారి చేస్తే రేపు ఏదైనా చెడినప్పుడు తరలింపు చెడగొట్టిందా, దిద్దుబాటు చెడగొట్టిందా అని తేల్చుకోలేము. ఒకరోజు నాకు పొట్టి మాస్టారి గదిలో స్పష్టమైన పొరపాటొకటి కనిపించింది.

"బావా, ఇక్కడ తప్పుంది. ఒక్క గుర్తు మారిస్తే చాలు."

"ముట్టుకోకు."

"తప్పండీ ఇది!"

"ఉండనీ. తప్పును తప్పుగానే మోసుకెళ్ళు. అక్కడ దించాక నువ్వూ నేనూ కలిసి తిడదాం."

"మాస్టారు వింటే ఏడుస్తారు."

"ఆయన విననందుకే కదా ఆ గది కూడా నేను మోస్తున్నది," అన్నారు బావ. నవ్వుతూనే అన్నారు గానీ, అన్నాక కణతలు నొక్కుకున్నారు.

చివరిరోజుకు ఒక్క ఫైలు మిగిలింది. అన్ని గదులనూ కలిపి ఒకే కెర్నెలుగా కట్టే ఫైలు అది. పాత గదుల పేర్లు అందులో ఒకదాని కింద ఒకటి ఉండేవి, ఎవరు ఎప్పుడు చేరితే ఆ క్రమంలో. మేము ఆ పేర్లు తీసి, వాటి స్థానాల్లోనే కొత్త గదుల పేర్లు పెట్టాము. బావ దాన్ని చాలాసేపు చూశారు.

"ఇప్పుడు కూడా పైన ఉన్నవి నావేనే! గడియారం ముందెందుకుంది, జ్ఞాపకం రెండోదెందుకైంది అని రేపెవడో అడుగుతాడు. పాతాయన రాశాడు కనుక అంటారు. మళ్ళీ నేనే తేలతాను." ఇలా అని, ఆ పేర్లన్నిటినీ ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చేశారు. "ఇప్పుడు ఎవరికీ ఎవరూ ముందు కాదు."

"శుభలేఖ మీద ఏ మామగారి పేరు ముందు వేయాలన్న గొడవ తీరింది," అన్నాడు అద్దాలాయన. ముగ్గురమూ నవ్వాము. ఫైళ్ళలో ఒక్క అక్షరం మారలేదు. పేర్ల వరుస మాత్రం మారింది, దాన్ని మార్పని మాలో ఎవరూ అనుకోలేదు. కెర్నెల్ కట్టి, పరీక్ష కోసం మా బల్లమీద ఉన్న యంత్రాలన్నిటిలోనూ వేసి చూశాము. వెచ్చటి గదిలో అన్నీ చక్కగా లేచాయి. కొత్త కెర్నెలు కేంద్రాలకు పంపించారు.

బావ తన ఫోనును ఆఫీసు సొరుగులో పెట్టేశారు. అక్క కారు దిగకుండానే హారను కొట్టింది. సముద్రం ఒడ్డున వాళ్ళు అద్దెకు తీసుకున్న ఇంటికి ఫోను సిగ్నలు రాదు. అందుకే అక్క ఆ ఇల్లు ఎంచుకుంది. రోడ్డు మీది కిరాణా దుకాణంలో ఒక ఫోను ఉంది. ప్రతి ఆదివారం ఉదయం అక్క అక్కడికి నడిచివచ్చి నాతో మాట్లాడేది. ఆ నంబరు నా దగ్గర మాత్రమే ఉంది.

ఆ శనివారం ఉదయం నేను ఆఫీసు చేరేసరికి అద్దాలాయన అప్పటికే కోటు విప్పకుండా కూర్చుని ఉన్నాడు.

"అక్కా, పిచ్చెక్కుతోంది," అన్నాడు. "పాతదీ కొత్తదీ ఫైలు ఫైలుకూ పోల్చాను. చిరునామాలు తప్ప ఒక్క చుక్క తేడా లేదు. ఏమీ మారకుండా ఎలా చెడింది?"

"లేవనివి ఏ కేంద్రాలు?"

"ఊరి చివరి రేకుల షెడ్లవి. లోపలి భవనాల్లోవి బాగానే ఉన్నాయి."

రేకుల షెడ్లు అన్న మాట విని నేను కిటికీ వైపు చూశాను. కారణం చలి అయితే చలిని మా గదిలోకి తేవాలి. బల్లమీది యంత్రాన్ని వైర్లతో సహా మోసుకెళ్ళి క్యాంటీను ఫ్రీజరులో, బఠాణీల సంచుల మధ్య పెట్టాము. క్యాంటీను ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమిటమ్మా ఇది? దానికీ కూలుడ్రింకు కావాలా?"

"ఒక్క గంట, పిన్నిగారూ."

"గంటయ్యాక నా బఠాణీలు కరిగితే మీ ఇద్దరికీ మూడురోజులు అవే పెడతాను."

మూత సందులోంచి వైరు బయటికి లాగి తెర ముందు కూర్చున్నాము. కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాము. యంత్రం లేస్తూ తాను ఏది లేపుతున్నదీ వరుసగా తెర మీద రాస్తుంది. సగంలో ఆగిపోయింది. తీసి మళ్ళీ ఇచ్చాము. మళ్ళీ అక్కడే ఆగింది. పాత కెర్నెల్ వేశాము. అంతే చలిలో, అవే బఠాణీల మధ్య, అది హాయిగా లేచి కూర్చుంది. రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూశాము. అలసట వల్ల కాబోలు నేను అర్థం చూడడం మానేసి వరుస మాత్రమే చూస్తున్నాను. పాత తెరలో ముందు బావ, తర్వాత పొట్టి మాస్టారు, తర్వాత నేను, తర్వాత అద్దాలాయన. మేము ఉద్యోగాల్లో చేరిన వరుస.

"మనం చేరిన వరుసలోనే అది లేస్తోంది," అన్నాను.

అద్దాలాయన కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించాడు.

కారణం ఇది. కట్టే ఫైలులో ఏ పేరు ముందుంటే ఆ భాగం ముందు లేస్తుంది. బావ మొదట చేరారు కనుక గడియారం మొదట లేచేది. గడియారంలో ఒక స్ఫటికపు ముక్క ఉంటుంది. చలిలో అది కుదురుకోవడానికి మరికాస్త ఎక్కువసేపు పడుతుంది. పాత వరుసలో తక్కినవాటి వంతు వచ్చేలోగా దానికా వ్యవధి దొరికేది. కొత్త గదికి మేము పెట్టిన పేరు 'టైమర్' కనుక ఇంగ్లీషు అక్షరక్రమంలో గడియారం చివరి వైపుకు పోయింది, మోటార్లు దానికన్నా ముందు లేచాయి. లేచి టైమెంతయిందని అడిగితే ఇంకా కుదురుకోని గడియారం ఏదో పిచ్చి అంకె చెప్పింది. తాము ఏళ్ళ తరబడి ఆగకుండా తిరుగుతున్నామని మోటార్లు లెక్క తేల్చుకుని, కాలిపోకుండా తమకు తామే తాళం వేసుకున్నాయి. ఇది ఎవరూ ఆలోచించి పెట్టిన క్రమం కాదు, అందువల్ల ఎవరూ ఎక్కడా రాయలేదు. ముందు వచ్చిన మనిషి ముందు అవసరమైనది రాశాడు, అంతే.

పాత వరుసను తిరిగి పెట్టి కేంద్రాలకు పంపాము. సాయంత్రానికి కుళాయిల్లో మొదట ఎర్రగా, తర్వాత తేటగా నీళ్ళు వచ్చాయి. డైరెక్టరు మా ఇద్దరికీ స్వయంగా టీ పోసి తెచ్చాడు.

"అయిపోయింది కదా మేడం?"

"లేదండీ. ఇప్పుడు పని చేస్తోంది, ఎందుకు పని చేస్తోందో మాత్రం లోపల ఎక్కడా లేదు. రేపు మరొకరు వచ్చి శుభ్రం చేస్తారు. ఏ భాగం ఏ భాగం కోసం ఆగాలో ఆ భాగంలోనే రాయాలి. ఇలా దాగి ఉన్నవి ఇంకా ఎన్ని ఉన్నాయో మాకు తెలియదు."

"ఎవరికి తెలుసు?"

అద్దాలాయన టీలోకి చూశాడు.

"అయితే ఇంకేం," అన్నాడు డైరెక్టరు. "ఆయన్ని పిలవండి. వారంలో చెప్పేస్తారు. సోమవారం నేనే కారు పంపిస్తాను." అతను చెడ్డవాడు కాదు. అతను చెప్పింది సబబే. వారంరోజుల పని వారంలో ముగిసేదైతే నేను ఆ రాత్రి హాయిగా పడుకునేదాన్ని. కానీ ఆ వారం తర్వాత ఇంకొకటి కనిపిస్తుంది, దానికి మళ్ళీ ఆయన్నే పిలుస్తారు, అప్పటికి ఫోను సొరుగులోంచి బయటికి వచ్చి ఉంటుంది. సోమవారం చెబుతానన్నాను.

ఆదివారం అక్క ఎప్పటికన్నా ముందే ఫోను చేసింది.

"ఏమే, గొంతేమిటి అలా ఉంది?"

"చలి."

"చలికి గొంతు బొంగురుపోతుంది. నీది దాచిపెట్టే గొంతు. సరే వినవే, మొన్న మీ బావ పొద్దున ఎనిమిదిన్నర దాకా పడుకున్నారు. నాకు భయం వేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. అంత నిద్ర ఆయన మొహం మీద ఎప్పుడూ చూడలేదు, ఎలా గుర్తుపట్టాలి?"

"మంచిదేగా అక్కా."

"మంచిదే. నిన్నటితో అయిపోయింది. పెరట్లో బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. దాని ముందు చెంబు పట్టుకుని నిలబడిపోయారు. అన్నానికి పిలిచినా రారు. ఇవాళ లేచి చూస్తే సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టారు. ఎక్కడికంటే చెప్పరు. ఇదిగో, లాక్కుంటున్నారు."

ఫోను చేతులు మారింది. వెనక ఎవరో త్రాసులో రాళ్ళు వేస్తున్న చప్పుడు.

"మరదలు పిల్లా," అన్నారు బావ. నాకు అప్పటికి యాభై రెండేళ్ళు.

"ఊఁ."

"వరుస."

"తెలిసింది బావా. నిన్న."

"చలిలో చూశారా?"

"క్యాంటీను ఫ్రీజరులో పెట్టాం. బఠాణీల పక్కన."

ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. "నేనే కదా మార్చింది. నాకే తెలియాలి."

"మీకు కాక ఇంకెవరికి మార్చే ధైర్యం ఉంటుంది? మేమైతే ఆ ఫైలు ముట్టుకునేవాళ్ళమే కాదు."

"రెండింటికి బస్సుంది," అన్నారు.

ఈ మాట కోసమే నేను రాత్రంతా సిద్ధపడ్డాను. తీరా వచ్చేసరికి సిద్ధం చేసుకున్నవేవీ మిగలలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరొస్తే వారంలో తేలిపోతుంది. రాకపోతే మాకు ఆరునెలలు పడుతుంది. రాకండి."

"మీ అక్క నేర్పిందా ఈ మాట?"

"లేదు. అక్కకు బస్సు సంగతే తెలియదు."

"ఇప్పుడు తెలిసింది," అని పక్కనుంచి అక్క గొంతు వినిపించింది.

బావ నెమ్మదిగా, "నాకు తెలిసినదైనా చెప్పనీ. గడియారం ముందు. దాని తర్వాత కరెంటు కాపలా. దాని తర్వాత..." అని ఆగిపోయారు. "దాని తర్వాతది ఫైలు చూడకుండా చెప్పలేను."

"చూస్తే గది తెరిచినట్టే బావా. మేం చూస్తాం. ఫ్రీజరు ఉందిగా."

ఫోను మళ్ళీ అక్క చేతికి వెళ్ళింది. "ఏమన్నావే ఆయన్ని?" అంది గుసగుసగా. "బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. కోపమో, ఏమిటో." కాస్త ఆగి, "కోపమైతే కానీలే. ఇంటికే తీసుకెళతాను," అంది.

సోమవారం నేను డైరెక్టరుకు రారని చెప్పాను. అతను వాదించలేదు. కిటికీలోంచి చూస్తూ, "అయితే పొద్దున్నే ఎవరికి ఫోను చెయ్యమంటారు?" అని మాత్రం అడిగాడు. "నాకే," అని నేను వెళ్ళి సొరుగులోంచి బావ ఫోను తీశాను. బ్యాటరీ అయిపోయి ఉంది. చార్జింగు తీగ కోసం అద్దాలాయన బల్లలన్నీ వెతికాడు.

నేను ఆరునెలలన్నది పధ్నాలుగు నెలలు పట్టింది. గడియారం ముందు లేవాలన్న మాట ఇప్పుడు ఆ కెర్నెల్‌లో దాని అవసరమున్న ప్రతి భాగంలోనూ రాసి ఉంది. బావ ఆ ఒడ్డునే మరో తొమ్మిదేళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇంటికి ఆరో ఏట సిగ్నలు వచ్చింది. వాళ్ళు ఫోను కొనలేదు.